నల్లరేగడి నేలలో సీటు లెక్క

జూన్ మాసము వచ్చినదనగా గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి గ్రామములలో రెండు లెక్కలు ఒక్కమారుగా మొదలగును. ఒకటి సేద్యపు లెక్క: ఎన్ని ఎకరములు పత్తి, ఎన్ని ఎకరములు మిరప, కౌలెంత, ఎరువులకు అప్పెక్కడ. రెండవది పిల్లవాని చదువు లెక్క. ఎనిమిదవ తరగతి ముగించి తొమ్మిదిలో అడుగిడిన బాలుని చూచి, ఇంటికి వచ్చిన చుట్టము “ఏమిరా, ఎట్లా చదువుతున్నావు?” అని అడుగుట మానివేసెను. “ఎంపీసీయా, బైపీసీయా?” అని అడుగుచున్నాడు. ఆ బాలునకు అప్పటికి పదునాలుగేండ్లు నిండియుండవు.

ఈ ప్రశ్న మన పల్లెలలో ఎప్పుడు పుట్టినది? ఇంత చిన్న వయస్సున పిల్లలను అడుగుట ఎప్పటినుండి అలవాటైనది? ఈ ప్రసంగములో మేము పరిశీలింపదలచిన సంగతి ఇదియే.

కొంత వెనుకకు పోవుదము. 1872లో ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెములో జన్మించిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు పిన్ననాడే తండ్రిని పోగొట్టుకొనిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. మిడిలు పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలును ఇంటలేకపోగా ఆమె తన పట్టుచీర కుదువపెట్టి తెచ్చి యిచ్చిరి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు ఆ బాలుని చేరదీసి, చదువు చెప్పించి, తమతో రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయిరి. ఆ బాలుడు తరువాత ఇంగ్లండు వెళ్ళి బారిష్టరగుట, ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యగుట అందరెరిగినదే.

ఇందులో మేము గమనింపగోరునది వేరొకటి. ప్రకాశముగారి చదువునకు అడ్డుపడినది రుసుమే గాని సీటు కాదు. ఆనాడు మెట్రిక్యులేషను పరీక్ష కఠినమైనదే. కాని దానిలో నెగ్గి, రుసుము చెల్లింపగలిగిన వానిని కళాశాల వారు ఆదరముతోనే చేర్చుకొనెడివారు. గుంటూరులో లూథరను మిషను వారు 1885లో నెలకొల్పిన కళాశాల, తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరువడసినది, ఈ ప్రాంతపు రైతుబిడ్డలకు అట్టి తలుపే తెరచినది. ముందుగా ఏర్పాటు చేయవలసిన పని యేమైన నున్నచో అది ధనమును గూర్చినది. దానిని తలపెట్టువారు తల్లియో, ఒక దయగల ఉపాధ్యాయుడో.

వృత్తి కళాశాలలు వచ్చిన పిమ్మట కథ మారినది. విశాఖపట్టణములో 1923లో వైద్య కళాశాల వెలసెను. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల, 1946లో గుంటూరులో వైద్య కళాశాల, కాకినాడలో ఇంజనీరింగు కళాశాల ఏర్పడెను. కోరువారు పెక్కుమంది, చోటు కొద్ది. ‘సీటు’ అను ఆంగ్ల పదము మన భాషలో కుర్చీని వదలి కళాశాల ప్రవేశమునకు పేరైనది ఈ కరవువలననే కావచ్చును. అప్పటి మదరాసు రాష్ట్రములో సీట్లను వర్గములవారీగా పంచు ఉత్తర్వు అమలులో నుండెను. దాని ప్రకారము ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, షెడ్యూల్డు కులములకు 2, ఆంగ్లో ఇండియనులకు క్రైస్తవులకు కలిపి 1, ముస్లిములకు 1. చంపకం దొరైరాజన్ వ్యాజ్యములో సుప్రీం కోర్టు 1951 ఏప్రిల్ 9వ తేదీన ఈ ఉత్తర్వు చెల్లదనెను. వెంటనే ఆ యేడే రాజ్యాంగమునకు ప్రథమ సవరణ చేసి వెనుకబడిన వర్గములకు ప్రత్యేక ఏర్పాట్లు చేయు అధికారమును ప్రభుత్వములకు కల్పించిరి. సీటు అనునది విద్యాశాఖ గుమాస్తా బల్లపై తేలిపోవు సంగతి కాదనియు, రాజ్యాంగమునే కదలింపగల సంగతి యనియు నాడే తేటపడినది.

అయినను పాఠశాలలోని పిల్లవానికి అప్పటికింకను తీరికయే. గణితములో సాధారణ గణితము, కాంపోజిట్ గణితము అని రెండు తెరగులుండిన రోజులలో మాత్రము ఒక చిక్కు కలదు. సులువని సాధారణ గణితము తీసికొన్నవానికి ఇంజనీరింగు వైపు దారి సన్నగిల్లెడిది. ఆ యెంపిక తలిదండ్రులకు తెలియకయే జరిగిపోవుచుండెను. ఉన్నత పాఠశాలలో చేసిన యెంపిక కళాశాల గతిని నిర్ణయించుటకు అది తొలి సూచన.

1967 ఆగస్టులో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువ గుంటూరు, ప్రకాశము మెట్టలకు చేరినది. జొన్న, వరిగ పండిన చోట సంకర జాతి పత్తి, మిరప, వరి లేచినవి. చేతిలో నాలుగు డబ్బులాడిన రైతు మొట్టమొదట తలచినది పిల్లల చదువే. 1969లో రెండేండ్ల ఇంటర్మీడియేటు వచ్చినది. 1972లో తాడికొండలో ప్రభుత్వ గురుకుల పాఠశాల నెలకొల్పిరి. అంతకు ముందుటి యేడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన ప్రయోగమునకు ఇది కొనసాగింపు. పల్లెబడిలో చదువు పిల్లవాడు ప్రవేశ పరీక్ష వ్రాసి నెగ్గినచో తిండి, బట్ట, చదువు ప్రభుత్వమే చూచును. ఉపాధ్యాయులు అక్కడనే కాపురముండిరి. పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున పత్రికలలో తాడికొండ పేరు వెదకుట మన జిల్లాలలో అలవాటైనది. గురుకుల జూనియరు కళాశాల నాగార్జునసాగరము చెంత విజయపురి సౌత్‌లో వెలసినది. దానికి మరొక పరీక్ష. పేదవాని బిడ్డకు ఇంతకంటె న్యాయమైన ద్వారము ఈ ప్రాంతమున తెరువబడలేదని మా నమ్మకము. కాని యెన్నిక అను మాట కళాశాల నుండి పాఠశాలకు దిగివచ్చినదియు ఈ ద్వారము గుండనే.

ఇక 1974వ సంవత్సరపు సంగతి. రెండు ప్రాంతముల ఉద్యమములు చల్లారిన మీదట 1973లో ఆరు సూత్రముల పథకము కుదిరినది. దానిని బట్టి రాజ్యాంగములో 371-డి అధికరణము చేర్చిరి. 1974లో విద్యాసంస్థల ప్రవేశములను గూర్చి రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. రాష్ట్రము మూడు స్థానిక ప్రాంతములాయెను. గుంటూరు, ప్రకాశము ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతములో చేరినవి. పొరుగుననే యున్న నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతములో చేరినది. హైదరాబాదు ఉస్మానియా ప్రాంతము. సీట్లలో 85 శాతము స్థానికులవి. స్థానికుడెవడు? అర్హత పరీక్ష వ్రాసిన యేటితో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు.

ఆ నాలుగేండ్లను వ్రేళ్ళమీద లెక్కింపుడు. ఇంటర్ రెండవ సంవత్సరము, మొదటి సంవత్సరము, పదవ తరగతి, తొమ్మిదవ తరగతి. తొమ్మిదవ తరగతి గదిలో అడుగిడిన నాడే ఆ పిల్లవాని సీటు లెక్కను శాసనము మొదలిడినదన్న మాట! ఈ విషయము పాఠశాల గోడపై వ్రాసియుండదు. మంచి చదువని కొడుకును తొమ్మిదిలోనే హైదరాబాదు వసతిగృహమున చేర్చి, నాలుగేండ్లు అప్పులు తెచ్చి పోషించి, సీట్ల యెంపిక నాడు మాత్రమే వాడు గుంటూరునకు స్థానికుడు కాడని తెలిసికొన్న తండ్రులను మేమెరుగుదుము. ఆ తండ్రి చేసిన తప్పేమి? ఎవరును చెప్పలేదు, అంతే. 2014లో రాష్ట్రము విడిపోయినపుడును పాత ప్రవేశ విధానమును పదేండ్లకు మించకుండ సాగనిచ్చిరి. కావున ఈ నాలుగేండ్ల లెక్క రెండు తరములను పాలించినది.

1977లో విజయవాడలో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల వచ్చినది. 1981లో బాపట్లలో, 1985లో గుంటూరు చెంత చౌడవరములో వచ్చినవి. విరాళము పేరిట సీట్లమ్ముట పెరుగగా 1983లో దానిని నిషేధించు చట్టము చేసిరి. 1986లో ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య ప్రవేశములకు ఉమ్మడిగా ఎంసెట్ అను పరీక్ష పుట్టినది. పాఠ్యపుస్తకము పాతదే, ప్రశ్న మాత్రము క్రొత్తది. నాలుగు సమాధానములలో ఒకటి గుర్తింపవలెను, అదియు నిమిషములో. ఈ విద్య నేర్పువారికి గుంటూరు పెట్టినది పేరు.

ఆ యేండ్లే పత్తి చేలపై తెల్లదోమ విరుచుకుపడిన యేండ్లు. ఎన్ని మందులు చల్లినను చావలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతట చర్చకు వచ్చినవి. చేను నమ్మరాదని తలచిన రైతునకు ఎంసెట్ ర్యాంకు ఒక క్రొత్త పంటవలె కన్పట్టెను. దానికి దోమ లేదు, తెగులు లేదని యాతడు తలచెను. ఈ రెండును ఒకే కాలమున తటస్థించుట గమనింపక, ‘గుంటూరువారికి చదువు పిచ్చి’ యని నవ్వువారితో మేమేకీభవింపజాలము. అది పిచ్చి కాదు, భయము.

ఈ పంటకు పెట్టుబడి ఎట్లు వచ్చెడిదో చూడుడు. మిరప కోత జనవరిలో మొదలై వేసవి వరకు సాగును. కల్లములో ఎండబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డునకు తోలుదురు. ధర నచ్చనిచో శీతల గిడ్డంగిలో దాచి వానకాలము దాక వేచియుండవచ్చును. కాని కళాశాల రుసుము జూన్‌లోనే కట్టవలెను. వేచియుండగల రైతు లాభపడును. కొడుకును చేర్పింపవలసిన రైతు వేచియుండలేడు. వచ్చిన ధరకు టిక్కీలు తెగనమ్మును, లేదా గిడ్డంగి రసీదుపై అప్పు తెచ్చును. ఇంటిలో కొడుకు, కూతురు ఇరువురును చదువుకొను యీడువారైనచో పంట తప్పిన యేట వసతిగృహమునకు పోవునది యెవరో మేము చెప్పనక్కరలేదు. వృత్తి కళాశాలలలో మూడవ వంతు సీట్లు స్త్రీలకు కేటాయించుటచే ఈ లెక్క కొంత మారినది. సీటు వచ్చునను ఆశ యున్నప్పుడు కూతురి చదువునకును చేను తాకట్టు పెట్టిన యిండ్లు కలవు.

తరువాత ఐ.ఐ.టి. చదువు వచ్చినది. హైదరాబాదులో చుక్కా రామయ్యగారు ఆ పరీక్షకు శిక్షణ నిచ్చుచుండిరి. వారి తరగతిలో చేరుటకే ఒక ప్రవేశ పరీక్ష. ఆ పరీక్షకు మరల శిక్షణ యిచ్చువారు పుట్టిరి. అప్పటికిని అది పదవ తరగతి దాటిన వారి సంగతి. క్రమముగా ‘ఫౌండేషను’ అను పేరుతో అది తొమ్మిదికి, ఎనిమిదికి, ఆరవ తరగతికి దిగినది. పదకొండేండ్ల పిల్లవాడు ఉదయము ఐదింటికి లేచి, ఏడేండ్ల తరువాత రాబోవు పరీక్షకు చదువుట మొదలిడెను.

ఇక్కడ చరిత్ర చెప్పు సాక్ష్యమొకటి కలదు. 2006లో ఆరవ తరగతిలో చేరిన పిల్లవానిని తలచుకొనుడు. ఆ యేడే ఐ.ఐ.టి. పరీక్షను గుర్తింపు ప్రశ్నలతో ఒకే పరీక్షగా మార్చిరి. వానిని దానికే సిద్ధము చేసిరి. వాడు ఎనిమిదిలో నుండగా, 2008లో, పదవ తరగతి మార్కులతోనే గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువునకు తీసికొను సంస్థ నూజివీడులో వెలసినది. దానికి ప్రవేశ పరీక్షయే లేదు. వాడు ఇంటర్ ముగించిన 2013లో ఐ.ఐ.టి. పరీక్ష మెయిన్, అడ్వాన్స్‌డ్ అని రెండైనది. మెయిన్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 40 శాతము విలువ నిచ్చిరి. ఏడేండ్లు ఇంటర్ పుస్తకమును చిన్నచూపు చూచినవాడు చివరి యేట దానినే బ్రతిమాలవలసి వచ్చెను. వాని తమ్ముని కాలమునకు, 2017లో, ఆ విలువను తీసివేసిరి. ఆ యేడే మన రాష్ట్రమున వైద్య సీట్లు ఎంసెట్ నుండి నీట్‌కు మారినవి. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకుండిన 25 శాతము విలువను కరోనా కాలమున తొలగించిరి. 2021లో మెయిన్ పరీక్షను తెలుగులోను వ్రాయవచ్చుననిరి. తెలుగు మాధ్యమము మానిపించి పిల్లలను వేరు బడికి మార్చిన తండ్రులకు ఆ వార్త ఎట్లుండెనో!

ద్వారములిట్లు కదలుచుండగా, ఒకే ద్వారమునకు ఎదురుగా ఆరవ తరగతి నుండి నిలబెట్టుట యెంతవరకు తెలివి? మా అభిప్రాయము స్పష్టము. తొమ్మిదవ తరగతిలో చేరినవానికి రెండేండ్లు గణితము, భౌతిక శాస్త్రము, జీవశాస్త్రము మూడును సమముగా నడువవలెను. ఏ పరీక్ష వచ్చినను పోయినను ఆ పదవ తరగతి పుస్తకములలోని సంగతులే మొదటి మెట్టుగా నిలిచినవి. ఎంపీసీయా బైపీసీయా అను ప్రశ్నను పది ముగియువరకు వాయిదా వేయుటవలన నష్టపోయినవానిని మేమింతవరకు చూడలేదు. తొందరపడి యెంచుకొని, ఇంటర్ నడుమ మార్చుకొనలేక బాధపడినవారిని చూచితిమి.

తొమ్మిదిలోనే తప్పక చేయవలసిన పనులు మాత్రము వేరు, అవి పెద్దలవి. ఏ ప్రాంతమున చదివిన ఏ ప్రాంతమునకు స్థానికుడగునో ఆ యేటి నియమములను పాఠశాలలో విచారించుకొనవలెను. గురుకుల జూనియరు కళాశాల ప్రకటన ఎప్పుడు వెలువడునో కనిపెట్టియుండవలెను. రాబోవు నాలుగు జూన్‌లలో రుసుమునకు ఎన్ని టిక్కీలు అట్టిపెట్టవలెనో పిల్లవాని యెదుటనే లెక్క వేయవలెను; వానికది తెలియుట మంచిదే. సీట్ల యెంపిక నాడు అడుగు చదువు ధ్రువపత్రముల కొరకు, ఆరేండ్ల క్రిందట విడిచిన బడి చుట్టు తిరిగి, ప్రధానోపాధ్యాయుడు సెలవులో నున్నాడని విని దిగాలుపడినవారెందరో. ఏ యేటి పత్రము ఆ యేడే వ్రాయించుకొని, పట్టాదారు పాసుపుస్తకముండు రేకుపెట్టెలోనే దానిని భద్రపరచుకొన్న యిండ్లను కొన్నింటిని పల్నాటి వైపున మేము చూచితిమి.