ఒంటి బాణీకి ఎందరు తోడు?

1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ వాద్యకారుల సభ జరిగింది. పదిమంది ఐరిష్ హార్పర్లు, వేల్స్ నుంచి మరొకరు వచ్చారు. వాళ్లలో చాలామందికి చూపు లేదు. డెనిస్ హెంప్సన్‌కి తొంభై దాటాయి. లోహపు తీగల్ని గోళ్లతో మీటే పాత పద్ధతి ఆ సభలో ఆయన దగ్గరే మిగిలింది. వాళ్లు వాయించినవి రాసిపెట్టడానికి నిర్వాహకులు ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ల ఆర్గన్ వాద్యకారుణ్ని కుదుర్చుకున్నారు. సొంతంగా ఒక్క స్వరం కూడా కలపకూడదని ఆ కుర్రాడికి షరతు పెట్టారు.

బంటింగ్ శ్రద్ధగానే రాసుకున్నాడు. తీరా అచ్చు వేసేసరికి ప్రతి బాణీ కిందా పియానో ఎడమచేతి వాయింపు వచ్చి కూర్చుంది. 1809లో, 1840లో వేసిన సంపుటాలకు వచ్చేసరికి అది ఇంకా దట్టమైంది. పుస్తకం కొనేవాళ్ల ఇళ్లలో ఉన్నది పియానో కదా, హార్ప్ కాదు. ఆయన చిత్తుప్రతులు బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి కాబట్టి, విన్నదేమిటో అమ్మినదేమిటో ఈనాటి పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నారు. ఐరిష్ బాణీలను వాద్యబృందానికి అమర్చడంలోని పేచీ మొత్తం ఆ రెండు ప్రతుల మధ్య తేడాలోనే ఉంది.

పేచీ ఎందుకంటే, ఐరిష్ సంగీతం మన సంగీతంలాగే ఒంటి గీత మీద నడుస్తుంది. పదిమంది కలిసి వాయించినా అందరిదీ ఒకటే బాణీ. గమకం ఎక్కడ వేయాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నదే ఎవరిది వారిది. నాట్యపు బాణీల కట్టడం కూడా సాదాగా ఉంటుంది. ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు, ఇంకో ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు, వెరసి 32 బార్లు. నాలుగేసి లెక్కన పరుగెత్తితే రీల్, మూడేసి అక్షరాల గుత్తులుగా గెంతితే జిగ్. ఇందులో చాలా బాణీలు శంకరాభరణం స్వరాల్లోనే ఉన్నా, హరికాంభోజి, ఖరహరప్రియ స్వరాల్లో నడిచేవి కూడా బోలెడు. వాటికి యూరప్ శాస్త్రం ప్రకారం హార్మనీ కట్టబోతే కైశికి నిషాదాన్ని కాకలి నిషాదంగా మార్చమని చేయి దురద పెడుతుంది. మార్చారు కూడా. 19వ శతాబ్దపు అచ్చు పుస్తకాల్లో అలా ‘దిద్దిన’ నిషాదాలు కనిపిస్తాయి.

ఆ దురదకు పెద్ద చేతులే లొంగాయి. ఎడిన్‌బరోలో జార్జ్ థామ్సన్ అనే గుమస్తా ఉండేవాడు. స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్ బాణీలను యూరప్ ఉద్దండుల చేత అమర్పించి అచ్చు వేయాలన్నది ఆయన జీవితకాలపు పిచ్చి. గాత్రం, వయొలిన్, సెల్లో, పియానో ఆయన కోరిన కూర్పు. ముందు హైడన్ రాశాడు, తర్వాత బెతోవెన్ రాశాడు. బెతోవెన్ ఒక్కడే సుమారు పదేళ్లలో దాదాపు 180 పాటలు అమర్చాడు. వాటిలో 25 ఐరిష్ పాటల సంపుటి 1814లో వచ్చింది. అది నెపోలియన్ యుద్ధాల కాలం. వియన్నా నుంచి స్కాట్లాండ్‌కు ఒక కట్ట చేరాలంటే రెండు మూడు దారుల్లో నకళ్లు పంపాల్సి వచ్చేది.

ఇందులో వింత ఏమిటంటే, బెతోవెన్‌కు చాలాసార్లు బాణీ ఒక్కటే అందేది, మాటలు అందేవి కావు. పాట విరహమో వినోదమో తెలియకుండా ఎలా రాయనని ఆయన మొత్తుకునేవాడు. థామ్సన్ ఫిర్యాదు ఇంకోటి. పియానో భాగం మరీ కష్టంగా ఉంది, మా ఊరి అమ్మాయిలు వాయించలేరు, కాస్త తేలిక చేయండి అన్నాడు. ఒకసారి రాసినదాన్ని గీకి దిద్దే అలవాటు తనకు లేదని 1813లో బెతోవెన్ జవాబిచ్చాడు. అని ఊరుకోలేదు, ఆ పాటల్ని మళ్లీ కొత్తగా రాసి పంపాడు. ఆ సంపుటిలో ముందూ వెనుకా వచ్చే వాద్య ఖండికలు నాకు చాలా ఇష్టం. కానీ అవి బెతోవెన్ సొత్తు. ఐర్లండ్ పల్లెలో వాటికి ఎవరూ అడుగు కలపలేదు.

తర్వాతి శతాబ్దంలో తోడు రెండు వైపుల నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో ఐరిష్ బాణీలు 78 ఆర్‌పీఎం రికార్డులకెక్కాయి. స్లైగో నుంచి వలస వెళ్లిన ఫిడేలు వాద్యకారుడు మైఖేల్ కోల్మన్ 1920లలో ఇచ్చిన రికార్డులు తిరిగి ఐర్లండ్‌కే చేరి ఊరూరా పాఠాలయ్యాయి. ఒక వైపు మూడు నిమిషాలే పట్టే ఆ పలకల మీద ఆయన వరసగా పేర్చిన బాణీలను ఇప్పటికీ చాలామంది అదే వరసలో వాయిస్తారు. అరేంజ్‌మెంట్ అంటే బాణీల వరస కూడా అన్నమాట. వెనుక పియానో వాయించినవాళ్లకు ఈ సంగీతం తెలియని సందర్భాలు కూడా ఉన్నాయి. తప్పు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) ఇప్పటికీ చెవికి తగులుతాయి.

రెండో వైపు ఐర్లండ్‌లో 1935 నాటి డాన్స్ హాళ్ల చట్టం. లైసెన్సు లేకుండా జనం గుమిగూడి ఆడటం నేరమైంది. వంటింటి గచ్చు మీద జరిగే ఆటలు హాళ్లకు మారాయి. హాలు నిండా మోత కావాలి కాబట్టి అకార్డియన్లు, పియానో, డ్రమ్ములు కలిపిన కేలీ బ్యాండ్లకు గిరాకీ పెరిగింది. క్లేర్ కౌంటీలో 1909లోనే మొదలైన కిల్‌ఫెనోరా బ్యాండ్ ఇవాళ్టికీ ఉంది. ఆట కోసం అయితే వాటికి వంక పెట్టలేం.

వంక పెట్టినవాడు షాన్ ఓ రియాడా. 1931లో పుట్టిన ఈయన యూరప్ సంగీతం చదువుకున్న స్వరకర్త, డబ్లిన్ ఆబీ థియేటర్ సంగీత దర్శకుడు. 1959లో ‘మిషా ఏరా’ అనే డాక్యుమెంటరీకి పాత బాణీలను పూర్తి ఆర్కెస్ట్రాతో వినిపించి దేశాన్ని ఊపేశాడు.  ఆయన అక్కడితో ఆగలేదు. 1960 ప్రాంతంలో ఫిడేళ్లు, ఫ్లూట్, తగరపు విజిల్, అకార్డియన్, ఇలన్ పైపులు వాయించే కొద్దిమందిని పోగుచేసి ‘క్యోల్తోరీ హూలన్’ అనే బృందం కట్టాడు. ఇలన్ పైపులంటే మోచేత్తో గాలి కొట్టే తిత్తి. మన భాగవతులు శ్రుతికి పట్టిన తిత్తికి దూరపు చుట్టం.

ఓ రియాడా సూత్రం ఇది. ఈ సంగీతానికి ఏకవాద్యమే ప్రాణం, కనుక బృందం కూడా ఏకవాద్యాన్ని కాపాడాలి. అందరూ మొదటినుంచీ చివరిదాకా ఒకేసారి వాయించకూడదు. ముందు ఒకరు బాణీ చెబుతారు. తర్వాత ఇంకొకరు తన సంగతులతో దాన్ని తిప్పుతారు. ఆపై ఇద్దరు, చివరికి అందరూ. అంతవరకు ఏటా క్రిస్మస్ మర్నాటి ఊరేగింపులో మోగుతూ వచ్చిన మేకతోలు వాద్యం బౌరాన్‌ను ఆయన కచేరీ వేదికెక్కించాడు. పియానోను దూరం పెట్టి తాను హార్ప్సికార్డ్ వాయించాడు. లోహపు తీగల పాత హార్ప్ నాదానికి అదే దగ్గరని ఆయన వాదన. 1738లో పోయిన అంధ హార్పర్ టర్లో ఓ కారొలాన్ బాణీలు అలా మళ్లీ కచేరీకి వచ్చాయి. కారొలాన్ స్వయంగా ఇటాలియన్ సంగీతం విని మురిసినవాడు, కాబట్టి హార్ప్సికార్డ్ పక్కన ఆయన బాణీ పరాయిదిగా వినిపించదు.

1962లో ఓ రియాడా రేడియో ప్రసంగాలు చేశాడు. కేలీ బ్యాండ్ల చప్పుడును బోర్లించిన జామ్ సీసాలో ఈగ రొదతో పోల్చాడు. ఈ మాట అన్యాయమే. ఆట కోసం పుట్టినదాన్ని కచేరీ కొలతతో కొలిచాడు. కానీ ఆ దురుసుతనం లేకపోతే తర్వాతి తరానికి దారి దొరికేది కాదనుకుంటాను. ఆయన 1971లో నలభయ్యో ఏట చనిపోయాడు.

ఓ రియాడా బృందంలో ఇలన్ పైపులు వాయించిన ప్యాడీ మొలోనీ 1962లో కట్టిన ‘చీఫ్‌టెన్స్’ ఈ పద్ధతిని ప్రపంచమంతా తిప్పింది. 1972లో వచ్చిన ‘ప్లాంక్స్టీ’ కొత్త చిక్కుముడి విప్పింది. డోనల్ లనీ, యాండీ అర్వైన్ గ్రీకు వాద్యం బుజూకీని, మాండొలిన్‌ను పట్టుకుని కార్డులు బాదడం మానేశారు. బాణీ పక్కనే ఇంకో సన్నని బాణీ అల్లారు. ఆ తర్వాతి ‘బాదీ బ్యాండ్’లో మీహాల్ ఓ డోనల్ గిటార్ తీగల్ని స ప స మ ప స అని శ్రుతి చేసుకున్నాడు. అందులో గాంధారం లేదు. గాంధారం లేని కార్డు మేజరూ కాదు, మైనరూ కాదు. ఏ మేళమో బాణీనే చెప్పుకోనిస్తుంది. బంటింగ్ నాటి నిషాదం తగవుకు ఇంతకంటే తెలివైన పరిష్కారం నేను వినలేదు. 1994 యూరోవిజన్ వేదిక మీది ‘రివర్‌డాన్స్’ దగ్గరికొచ్చేసరికి కథ మళ్లీ పెద్ద హాలుకూ మోతకూ చేరింది.

ఈ బాణీల్లో ఒకటి మన చెవికి ఎప్పుడో పడింది. కార్క్ కౌంటీలోని మాలో ఊరి పేరు మీద ‘రేక్స్ ఆఫ్ మాలో’ అని ఒక ఐరిష్ బాణీ ఉంది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఇంగ్లిష్ బ్యాండు వాయించిన బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నొట్టుస్వరాలు. మాలో బాణీకి కూర్చినది ‘వందే మీనాక్షి’. సుబ్బరామ దీక్షితులు వీటిని తెలుగులో 1905లో ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో అచ్చు వేయించారు. బాణీ కింద కార్డులేమీ పెట్టలేదు.

పిల్లలకు ఈ నొట్టుస్వరం నేర్పే మాస్టార్లకు ఒక మనవి. వార్షికోత్సవానికి వయొలిన్లన్నీ ఒకేసారి మొదలుపెట్టించకండి. మొదటి ఆవృత్తం ఒక్క వయొలిన్‌కు ఇవ్వండి, రెండోసారికి వేణువును కలపండి, మృదంగాన్ని మూడో ఆవృత్తం దాకా ఆపండి. కీబోర్డు వాయించే అబ్బాయి ఉంటే, షడ్జమ పంచమాలు దాటవద్దని చెప్పండి.