బొంత అంచు కుట్టు

బొంత అంచు కుట్టు అనగా బొంతకు నాలుగు వైపులా కనిపించే తెగిన గుడ్డ అంచులను పట్టీతో మూసి, పోగులు ఊడకుండా కుట్టే పని. పాత నూలు చీరలు, పంచెలు పొరలుగా పరచి దగ్గర దగ్గరగా కుట్టిన దళసరి పరుపును రాయలసీమలో బొంత అంటారు. కడప జిల్లా మైదుకూరు, దాని చుట్టుపక్కల పల్లెలలో దీనిని చలికాలంలో కప్పుకొనుటకు, మంచం మీద పరచుటకు, పసిపిల్లలను పడుకోబెట్టుటకు వాడుతారు. పూర్వం అంచును చేతితోనే కుట్టేవారు. కుట్టుమిషను ఇళ్ళలోకి వచ్చిన తరువాత చాలామంది మిషను మీదనే వేస్తున్నారు. ఈ రెండింటిలో ఏది మేలు అన్నది చూపుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. బొంత ఎన్నేళ్ళు మన్నుతుందో చాలావరకు అంచే నిర్ణయిస్తుంది.

పేరు

కుట్టిన పాత గుడ్డల కప్పడానికి సంస్కృతంలో కంథ అని పేరు. వంగదేశపు కాంథా పేరు దీనితో ముడిపడినదే. తెలుగులో "గంతకు తగ్గ బొంత" అనే సామెత కలదు. గంత అనగా పశువుల వీపున బరువు వేయుటకు వాడే జీను. ఈ సామెతలోని బొంత కప్పుకునే బొంత కాదు, జీనుకు జతగా వేసే మెత్త. అయితే రెండూ పాత గుడ్డలు కలిపి కుట్టినవే.

అంచు ముందుగా ఎందుకు చిరుగును

బొంతను కప్పుకునేటప్పుడు చేతితో పట్టి లాగేది అంచునే. ఉతికేటప్పుడు బండ మీద దెబ్బ, పిండేటప్పుడు మెలిక ఎక్కువగా తగిలేదీ అంచుకే. తడిసిన బొంత చాలా బరువు ఉంటుంది. దానిని ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టి ఎత్తితే ఆ బరువంతా నాలుగు మూలల మీద పడుతుంది. పైగా గుడ్డ మడత పడిన చోట పోగులు నిరంతరం రాపిడికి లోనవుతాయి. అంచు ఊడిన తరువాత లోపలి పొరలు జరిగి ఉండలు కడతాయి. ఆ దశలో బాగుచేయటం కొత్తది కుట్టినంత పని.

పట్టీ

పాత పద్ధతిలో వేరుగా పట్టీ ఉండదు. అడుగు పొరను మిగిలిన వాటికంటే రెండు అంగుళాలు పెద్దదిగా ఉంచి, పైకి మడిచి కుట్టేవారు. దీనిలో ఒక లోపం ఉన్నది. అంచు చిరిగితే అడుగు పొరే చిరిగినట్లు. అందువలన వేరు పట్టీ వేయటమే మంచిది.

పట్టీకి పాత చీర అంచు చాలా అనువైనది. అక్కడ నేత దట్టంగా ఉంటుంది, ఒక వైపు నేత అంచు కనుక పోగు ఊడదు. ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న బొంత చుట్టుకొలత 20 అడుగులు, అనగా సుమారు 6.1 మీటర్లు. మూలల మడతలకు, అతుకులకు మరొక అడుగు కావాలి. అయిదున్నర మీటర్ల చీర ఒక వైపు అంచు దీనికి చాలదు, రెండు అంచులూ కలిపితే సరిపోయి మిగులుతుంది. వెడల్పు రెండు నుండి రెండున్నర అంగుళాలు ఉండవలెను. మూలలు గుండ్రంగా ఉంటే మాత్రం దర్జీలు క్రాసు పట్టీ అనే ఏటవాలు కత్తిరింపు అవసరం. తిన్నని అంచులకు అది అనవసరం, సాగి వంకరపోవును కూడా.

కొత్త గుడ్డతో పట్టీ వేసేవారు దానిని ముందుగా నీళ్ళలో నానబెట్టి ఆరవేయాలి. పాత చీరలు ఎన్నో ఉతుకులు చూసి కుంచించుకొని ఉంటాయి. కొత్త పట్టీ మొదటి ఉతుకులో కుంచించుకుంటే బొంత అంచు చుట్టూ ముడతలు పడుతుంది. ఇది చాలామంది చేసే పొరపాటు.

చేతి కుట్టు

పట్టీని బొంత పైవైపు అంచుకు అంచు కలిపి పెట్టి, పొరలన్నిటి గుండా సూది దిగేటట్లు ముందుకుట్టు వేస్తారు. తరువాత పట్టీని అడుగువైపుకు తిప్పి, కొనను లోపలికి మడిచి, హెమ్మింగ్ కుట్టుతో మూస్తారు. హెమ్మింగ్‌లో సూది పై పొరను మాత్రమే పట్టుకోవాలి. దారాన్ని జంటగా తీసుకొని మైనం రాస్తే చిక్కు పడదు. చేతి కుట్టులో ఒక్క దారమే నడుస్తుంది కనుక ఒక చోట తెగితే కొంత దూరం వదులవుతుంది. దీనికి విరుగుడుగా జానెడుకు ఒకసారి వెనుకకుట్టు వేసి బిగిస్తారు.

పని ఎంతో లెక్క వేయవచ్చు. 20 అడుగులు అనగా 240 అంగుళాలు. అంగుళానికి నాలుగు కుట్లు చొప్పున 960 కుట్లు. అదీ ఒక వైపుకే. ఇంటి ఆడవారు మధ్యాహ్నపు తీరికలో చేసే ఈ పనికి ఎవరూ వెల కట్టలేదు. కూలికి బొంతలు కుట్టే సంచారజాతుల స్త్రీలకు మాత్రం ఇదే బతుకుతెరువు. మిషను అంచు వేగంగా పూర్తవుతుందనుట వారికి సంతోషించదగిన వార్త కాదు.

మిషను కుట్టు

మిషను మీద అసలు చిక్కు దళసరితనం. కింది పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతుంటే పైన ఉన్న పాదం పై పొరను అదిమి ఆపుతుంది. పొరలు జరిగి, చివరకు వచ్చేసరికి పట్టీ ముడతపడి మిగిలిపోతుంది. అందువలన ముందుగా కచ్చా కుట్టు వేసుకొని, పాదం ఒత్తిడి తగ్గించి, 16 లేదా 18 నంబరు సూదితో, పొడవైన కుట్టు పెట్టి నడపాలి. సూదులు విరుగుతాయని కొందరు దర్జీలు బొంత తీసుకోవటానికే ఇష్టపడరు; వారిని తప్పుపట్టలేము.

మూల దగ్గర ఆగవలసిన చోటు ముఖ్యం. కుట్టు బొంత చివరి వరకు పోకూడదు. మూలకు పావు అంగుళం ముందే ఆపి, పట్టీని 45 డిగ్రీల కోణంలో బయటకు మడిచి, మళ్ళీ రెండవ వైపుకు తిప్పి మొదలుపెట్టాలి. అప్పుడే మూల చక్కగా కూర్చుంటుంది. చేతి కుట్టుకూ ఇదే నియమం.

రెండు వైపులా మిషనుతోనే వేయదలచినవారు పట్టీని మొదట అడుగువైపున కుట్టి పైకి తిప్పడం మంచిది. కంటికి కనిపించే రెండవ కుట్టు పైవైపున తిన్నగా వస్తుంది. తలక్రిందులుగా చేస్తే అడుగున కుట్టు కొన్ని చోట్ల పట్టీని తప్పిపోతుంది, అది ఉతికిన తరువాతగానీ తెలియదు.

బలాబలాలు

మిషను కుట్టులో పై దారం, బాబిన్ దారం ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. కొత్త గుడ్డ మీద, తరచూ ఉతికే పిల్లల బొంతల మీద దీనికి సాటి లేదు. అయితే నలిగిన పాత నూలు మీద చిన్న చిన్న మిషను కుట్లు పడితే చిల్లుల వరుస ఏర్పడి, తపాలా బిళ్ళల కాగితం చిరిగినట్లు ఆ గీత వెంబడే చిరుగుతుంది. దారం నిలుస్తుంది, గుడ్డ పోతుంది. చేతి కుట్టు కొంచెం సాగుతుంది కనుక పాత గుడ్డతో పాటు కదులుతుంది. పాలిస్టరు చీరల విషయం వేరు. అవి త్వరగా చిరగవు గానీ పొరలు జారుతాయి, కచ్చా కుట్టు లేకుండా మిషను మీద పెట్టడం వృథా ప్రయాస.

మొదటి వైపు మిషనుతో, రెండవ వైపు చేతి హెమ్మింగుతో వేయటం మధ్యేమార్గం. చీరకు ఫాల్ వేసేటప్పుడు కింది కుట్టు మిషనుతో, పై కుట్టు చేతితో వేసే అలవాటు ఉన్నవారికి ఇది కొత్త కాదు. అమెరికాలో క్విల్టు కుట్టేవారిలో కూడా ఈ పద్ధతి విస్తృతంగా కలదు.

ఇతర ప్రాంతాలలో

ఉత్తర కర్ణాటకలో బొంతను కవుది అని, మహారాష్ట్రలో గోధడి అని అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు తమ బొంతల మూలలకు పువ్వు అనే అర్థం గల త్రికోణపు ముక్కలు కుడతారు. అవి లేనిదే బొంత పూర్తి అయినట్లు కాదని వారి భావన.

మరమ్మతు

బొంత పై పొర నలిగినప్పుడు దానిని పారవేయరు. పైన మరొక పాత చీర పరచి మళ్ళీ కుడతారు. దీనికి అంచు పట్టీని విప్పవలెను. చేతి హెమ్మింగును కత్తెర మొనతో ఒక చోట తెంపి లాగితే చాలా దూరం వచ్చేస్తుంది. మిషను కుట్టును మూడు నాలుగు కుట్లకొకసారి కోసి తీయాలి, తొందరపడితే గుడ్డ చిరుగుతుంది. పట్టీ మొత్తం పాడుకానప్పుడు, చిరిగిన భాగం మీదనే కొత్త ముక్కను రెండు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువగా ఉంచి తొడిగి కుట్టుకోవచ్చు.