గోడలూ తరంగములూ

మా ఇల్లు తాతగారు కట్టించినది. మూరన్నర మందము గల మట్టిగోడలు, పైన బెంగుళూరు పెంకు, వరుసగా నాలుగు గదులు. వీధిగదిలో రూటరు, నాలుగవ గదిలో మంచముపై మా అమ్మ. తుంటి ఎముక విరిగిననాటినుండి ఆమె ఆ గది దాటలేదు. అమెరికాలోని మునిమనుమరాలు ఫోనులో కనబడి "తాతమ్మా" అని పిలిచేలోగా బొమ్మ బిగుసుకుపోయేది. "ఏమే, అలిగినావా?" అని అమ్మ అడిగేది. ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టినది. గోడను దాటలేని ఈ తరంగముల కథ ఏమిటో తెలిసికొనవలెనని పుస్తకములు తిరగవేసితిని.

కథ మన దేశములోనే, గోడ దాటుటతోనే మొదలగుట నాకు ఆశ్చర్యము కలిగించినది. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశచంద్ర బోసు ఒకచోట తరంగములు పుట్టించి, అడ్డముగా గోడలుండగా, దూరమునున్న గంటను మ్రోగించి, తుపాకిమందును మండించి చూపినాడు. ఆయన పరిశోధించిన తరంగములలో 5 మిల్లీమీటర్ల దైర్ఘ్యము గలవి కూడ ఉన్నవి. అయితే ఒక్క మాట. గంట మ్రోగుటకు తరంగము వచ్చినదా లేదా అన్నదే చాలును. పసిపిల్ల ముఖము కనబడుటకు సెకనుకు లక్షల సంకేతములు వరుస తప్పక రావలెను.

నా చిన్నతనములో మా ఇంటి రేడియోకు గోడలు అడ్డుకానేలేదు. విజయవాడ కేంద్రపు మధ్యతరంగముల దైర్ఘ్యము 350 మీటర్లకు పైమాట. అంత పొడవైన అలకు మా మట్టిగోడ ఒక లెక్కా? నాన్నగారి బెంగ అంతా లైసెన్సు గురించే. ఏటేటా పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకములో ముద్ర వేయించుకొనవలసినదే. ఆకాశములోని తరంగములకు సర్కారు లెక్కలు వ్రాసుకొన్న కాలమది.

ఆ లెక్కలలో మొదట ఒక చిన్న సందు విడిచినది అమెరికా. 1985లో అక్కడి సమాచార కమిషను, కొన్ని పౌనఃపున్యములను వ్యాపనవర్ణపటమనెడి పద్ధతిలో లైసెన్సు లేకుండ వాడుకొనవచ్చునన్నది. అందులో 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతము ఒకటి. మైక్రోవేవ్ పొయ్యిల రొద వలన, సంభాషణలకు పనికిరాదని ఎవరూ అంతగా ఆశించని బంజరు అది. ఆ బంజరులోనే వైఫై పంట పండినది. (పొయ్యి వెలిగించినపుడు ఫోనులో మాట తెగుటకు కారణము ఈ పాత పొరుగే.) మన దేశములో ఆ పట్టీకి లైసెన్సు తొలగినది 2005 జనవరిలో.

1997లో వచ్చిన తొలి ప్రమాణము వేగము సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. వైఫై అను పేరు 1999లో పెట్టినది పేర్లు పెట్టుటయే వృత్తిగా గల ఒక సంస్థ. దానికి విస్తరణ ఏదో ఉన్నదని చాలామంది నమ్ముదురు కాని, హైఫైకి ప్రాస కుదిరినదని పెట్టినదే తప్ప వేరే అర్థము లేదు. మన వ్యాకర్తలు డిత్థ డవిత్థములను చూపి యదృచ్ఛాశబ్దములన్నారే, ఆ కోవలోనిది. చదువుకొన్న వ్యాకరణము ఇన్నాళ్ళకు ఇక్కడ పనికివచ్చినది.

గదులలో అసలు చిక్కు ప్రతిధ్వని. తరంగము గోడకు, బీరువాకు, పైకప్పుకు తగిలి పలుదారుల వచ్చి తనమీద తానే పడును. నేను పాఠము చెప్పిన రేకుల హాలులో ఇదే బాధ. వేగముగా చదివితే వెనుకటి మాట మ్రోత ముందరి మాటను మ్రింగివేసేది. నిదానముగా చదివితే సరిపోయేది, కాని పాఠము ముగిసేది కాదు. ఆస్ట్రేలియాలో జాన్ ఓ'సల్లివాన్ బృందము కనుగొన్న ఉపాయము, ఒక్కరిచేత వేగముగా చదివించుటకు మారుగా పలువురిచేత పలు శ్రుతులలో ఒకేమారు నిదానముగా చదివించుట. ఓ'సల్లివాన్ అంతకుముందు, 1974లో హాకింగు ఊహించిన పేలుతున్న చిన్న కృష్ణబిలముల రేడియో స్పందనలకై వెదకినవాడు. అవి దొరకలేదు. ఆ వెదకులాటలోని గణితము మాత్రము ఇంటిగదులకు అక్కరకు వచ్చినది. 1996లో ఆ బృందమునకు అమెరికా పేటెంటు వచ్చినది. 2009 నాటి ప్రమాణము పలు యాంటెన్నాలతో ఆ ప్రతిధ్వనులనే లాభముగా మార్చుకొన్నది.

ఇంత చదివి మా ఇంటిని మరల చూచితిని. రూటరు ఇనుప బీరువా వెనుక, నేలమీద ఉన్నది! లోహము తరంగమును దాటనీయదు. దానిని గూటిలోనికి ఎత్తితిని. మూడవ గది వరకు బాగైనది. 5 గిగాహెర్ట్జ్ వేగము ఎక్కువే కాని గోడలవద్ద త్వరగా నీరసించును. కనుక అమ్మ ఫోనును 2.4కే కట్టితిని. వానకాలములో గోడలు చెమ్మగిల్లగా అదియు చాలలేదు.

పిమ్మట సంకేతమును తిరిగి పలికే ఒక పెట్టె కొని, తొందరపడి అమ్మ గదిలోనే పెట్టితిని. వినబడని పాఠమును ఏ విద్యార్థి అప్పగించగలడు? రెండవ గదికి మార్చితే బొమ్మ నిలిచినది కాని వేగము సగమైనది. ఆ పెట్టె ఒకే దారిలో వినవలెను, ఆ దారిలోనే చెప్పవలెను.

చివరకు ఎలక్ట్రీషియను కుర్రవాడు వచ్చి, "మాస్టారూ, ఓ వైరు లాగేద్దామండీ" అన్నాడు. దూలము వెంబడి తీగ లాగి అమ్మ తలవైపు మరియొక పెట్టె బిగించినాడు. నిస్తంత్రికి తంత్రియే దిక్కైనది. నూట పాతికేండ్ల చరిత్ర చదివిన నాకు తట్టనిది వానికి క్షణములో తట్టినది.

మొన్న ఆదివారము మునిమనుమరాలు ముప్పావుగంట మాటలాడినది. ఒక్కమారైనను తెగలేదు. ఊడిన పాలపన్ను చూపించినది. అమ్మ ఫోను దగ్గరకు తెచ్చుకొని, తన బోసినోరు చూపించి నవ్వినది.