వట్టివేరు గట్టు

వట్టివేరనగానే మన పెద్దలకు మంచినీళ్ల కుండయు, వేసవిలో తడిపి కట్టిన తడికలును జ్ఞప్తికి వచ్చెడివి. ఆ గడ్డియే ఈ ఫిజీ దీవులలో చెరకు కొండల మన్నును నిలిపినదని మన పిల్లలలో నెందరికి తెలియును? అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన తాతలు 1903 మొదలుకొని మద్రాసునుండి గిర్మిట్ ఒప్పందముపై వచ్చిరి. చెరకు మొదట పల్లపు నేలలలోనే సాగెను. 1950 తరువాతి యేండ్లలో చక్కెర కంపెనీ సాగును కొండవాలులకు ప్రాకించెను. దున్నిన వాలుపై మన వానలు కురిసిన నేమగునో రైతులకు చెప్ప నక్కరలేదు. అప్పుడు జాన్ గ్రీన్‌ఫీల్డ్ అను వ్యవసాయాధికారి వాలునకు అడ్డముగా, ఒకే యెత్తున, వట్టివేరు గడ్డిని వరుసలుగా నాటించెను. ఒత్తుగా పెరిగిన దుబ్బులు వాననీటి వడిని తగ్గించును; బురద వాని వెనుక నిలుచును; మన్ను పెరిగినకొలది గడ్డియు పైకి లేచును. కొన్నియేండ్లకు తనంతట మెట్టు ఏర్పడును. వేళ్లు ప్రక్కలకు పాకక నిట్టనిలువుగా, పది యడుగుల లోతువరకు దిగును గనుక చెరకునకు పోటీ రావు. చెరకుతోట తగులబెట్టినను దుబ్బు మరల చిగిర్చును. ముప్పది యేండ్ల తరువాతను ఆ గట్లు నిలిచియుండుట పరిశోధకులు చూచిరి.

1980 తరువాత గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా గారలు ప్రపంచ బ్యాంకు పక్షమున ఈ పద్ధతిని భారతదేశమునకు గొనిపోయిరి. చిత్రమేమన, మైసూరు ప్రాంతపు గుండ్లుపేట రైతులు నూరేండ్లకు పైగా ఈ గడ్డినే పొలిమేర గట్లపై పెంచుకొనుచుండిరి! 1993లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దీనిపై గ్రంథమే వెలువరించెను. గ్రీన్‌ఫీల్డ్ గారి శ్రమను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని యీ విద్య కంపెనీ కచ్చేరిలో పుట్టినదనిన మే మొప్పుకొనము. గుండ్లుపేట రైతులు గ్రంథములు వ్రాయలేదు, గట్లు నిలిపిరి. మన తెలుగువారును ఈ గడ్డిని అవురుగడ్డి యనియు, వేరును కురువేరనియు పిలిచెడివారు.

ఒక్క మాట. సువాసనకై వేరు త్రవ్వినచో గట్టు పోవును. ట్రాక్టరు త్రిప్పుటకు అడ్డమని వరుస తీసివేసినను అంతియే. దక్షిణాది రకమునకు మొలకెత్తు విత్తనము లేదు గనుక తనంతట తిరిగి రాదు, కలుపై వ్యాపింపదు. సందు పడినచో ప్రక్క దుబ్బును చీల్చి, పిలకలను జేనెడుకు లోపు ఎడముతో, నవంబరులో వానలు మొదలగు నప్పుడు నాటవలెను.