మెత్తని సీసం

ఏమ్రా, సినిమాలో గుండు తగిలినోడు గాల్లోకి ఎగిరి పడ్డాడా? ఎగరడురా. ఉన్నచోటే కూలబడతాడు, లేదంటే తగిలిన సంగతి తెలీకుండానే ఇంకా మీదికి ఉరుకుతాడు. ఉరికేవాణ్ణి ఆపడమెట్లా అని తెల్లోళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఆ కుంపటి ఇటు జరుపు, చెప్తాను.

మన కంబళత్తార్ ఇళ్ళలో కట్టబొమ్మన్ కథ చెప్పని ముసలాయన లేడు. తెల్లోళ్ళు ఆ కట్టబొమ్మన్‌ని 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. తమ్ముడు ఊమైదురై మళ్ళీ లేపిన పాంచాలంకురిచ్చి కోటను 1801లో నేలమట్టం చేశారు. అప్పటి తుపాకి గుండంటే ఉత్త సీసపు ఉండ, సుమారు ఔన్సు బరువు. మా తాత దగ్గర దున్నకంలో దొరికిన ఉండ ఒకటుండేది. మాట్టుతావణికి ఎద్దుల బేరానికి పోయినా రొంటిన దోపుకునే పోయేవాడు. బూడిద రంగు పొర మీద గోటితో గీస్తే కింద తళుక్కుమనేది. అంత మెత్తన. ఎముకకు తగిలితే చదునైపోయేది. ఇక లోపల అది చేసే పని మీకు చెప్పక్కర్లేదు.

తరవాత పొగరాని మందు వచ్చింది. గుండు వేగం పెరిగింది. ఆ వేగానికి ఒట్టి సీసం గొట్టంలోనే అరిగి అంటుకుపోతుంది. అందుకని పైన గట్టి లోహపు తొడుగు వేశారు, గుండును సన్నం చేశారు. తీరా చూస్తే 1895లో చిత్రాల్ కొండల్లో అది ఈ పక్క దూరి ఆ పక్క పోతోంది, మనిషి ఆగడం లేదని సిపాయిలు మొత్తుకున్నారు. కలకత్తా పక్కన డమ్‌డమ్ కార్ఖానాలో బెర్టీ క్లే అనే కాప్టెను తొడుగు కొస తీసేసి సీసం కాస్త బయటపెట్టాడు. అంతే, పాత ఉండ గుణం మళ్ళీ వచ్చేసింది. ఊరి పేరే గుండుకు పేరైపోయింది.

అది రైఫిలు సంగతి. రివాల్వరుది ఇంకో తంటా. గొట్టం పొట్టి, వేగం తక్కువ, గుండు తనంతట విచ్చుకోదు. 1898లో వెబ్లీ రివాల్వరుకి కొత్త గుండు చేశారు. మొన అన్నదే లేదు, మొద్దుగా ఉంటుంది, రెండు కొసలకూ గుంట. వెనక గుంటలో మందు ఆవిరి నిండి గుండును గొట్టానికి బిగదన్నుతుంది. ముందు గుంటలోకి ఒంట్లో తడి కుక్కుకుని గోడల్ని బయటికి నెడుతుంది. అరటిపువ్వు దొప్పల్లాగా విచ్చుకుంటుందన్నమాట. గుంటలో దళసరి గుడ్డ ఇరుక్కుందనుకో, విచ్చుకోకుండానే పోవచ్చు. ఇప్పటి గుండ్లకు తొడుగు మీద ముందే గాట్లు పెడుతున్నారు గానీ, కిటుకు మాత్రం అదే.

"మరి వాంచి కాల్చింది అదేనా తాతా?"

కాదురా. 1911లో మణియాచ్చి స్టేషన్లో కలెక్టరు ఆష్‌ని కాల్చింది బ్రౌనింగు పిస్తోలుతో. మనవాళ్ళకి చేతిలో పట్టేదంతా రివాల్వరే. ఆ పిస్తోల్లో తూటాలు పిడిలో పేర్చి ఉంటాయి, గుండ్రంగా తిరిగే అరలుండవు.

1899లో హేగ్‌లో దేశాలు కూచుని, ఒంట్లో విచ్చుకునే గుండు యుద్ధంలో వాడకూడదన్నాయి. ఇంగ్లీషోళ్ళు అప్పుడు సంతకం పెట్టలేదు. వాళ్ళ జనరల్ ఆర్డా లేచి, నాగరికుడు గుండు తగిలితే ఆగుతాడు, అడవి మనిషి ఆగడు అన్న ధోరణిలో వాదించాడు. అడవి మనిషంటే ఎవర్రా? మీ ముత్తాతే. 1907లో ఒప్పుకున్నారనుకో. అయినా ఆ కాగితం కట్టేసేది దానికి ఒప్పుకున్న దేశాల మధ్య యుద్ధాన్నే. సొంత పాలనలోని జనం మీద ఏ గుండు పేల్చినా దానికి పట్టదు. ఇవాళ్టికీ కొన్ని దేశాల పోలీసులు గుంట గుండే వాడతారు. ఒకణ్ణి దాటి వెనకున్నవాడికి తగలదని వాళ్ళ లెక్క. ఆ లెక్కలో కొంత నిజముంది, నేను కాదనను.

ఇంకోటి వినండి. ఇంగ్లీషు పటాలానికి తరవాత .38 రివాల్వరు వచ్చింది. దాని గుండు 200 గ్రెయిన్ల బరువున్న మెత్తని సీసం. 1930ల చివర, జర్మనీతో యుద్ధం ముంచుకొస్తోందనగా, అది ఆ ఒప్పందానికి అడ్డమొస్తుందేమోనని గుబులు పట్టుకుంది. గబగబా తొడుగేసి 178 గ్రెయిన్లకు దించేశారు.