నీటి మీద పండే తిండి

ఒజిబ్వే ప్రజల వలస కథలో ఒక ఆనవాలు ఉంది: నీటి మీద తిండి పండే చోటు దొరికేదాకా పడమరకి సాగిపొమ్మని. ఆ చోటు ఉత్తర అమెరికాలో సుపీరియర్ సరస్సు ప్రాంతం. ఆ తిండి మనోమిన్. వైల్డ్ రైస్ అనే పేరుతో మనకి తెలిసింది అదే. మన వరికి దూరపు చుట్టం.

కోతల కాలంలో దోనెలో ఇద్దరుంటారు. ఒకరు గడ వేస్తే, ఇంకొకరు ఒక కర్రతో కంకుల్ని వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. ముదిరిన గింజే రాలుతుంది. కొంత నీళ్ళలో పడుతుంది, అదే మళ్ళీ ఏటికి విత్తనం. ఆ తర్వాత ఎండబెట్టడం, వేయించడం, తొక్కడం, తూర్పారబట్టడం. ఆ నెల పేరు కూడా ఈ పంటదే: మనోమినికే గీజిస్.

1837 ఒప్పందంలో భూములు వదులుకుంటూ కూడా వాళ్ళు వేట, చేపలు, మనోమిన్ సేకరణ హక్కుల్ని రాయించుకున్నారు. కానీ హక్కు వాడుకోవాలంటే పని తెలిసినవాళ్ళు కావాలి కదా! 1879లో కార్లైల్ బడితో మొదలైన పద్ధతి పిల్లల్ని ఇళ్ళకి దూరం చేసింది. సొంత భాష మాట్లాడితే శిక్ష. చిత్రమేమిటంటే, 1928లో ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ ఒజిబ్వేల మొక్కలు, మందులు, వంటల గురించి రాసిన పుస్తకాన్ని అచ్చువేసింది కూడా ప్రభుత్వమే. పిల్లల నోట ఆపిన మాటల్ని పుస్తకంలో భద్రం చేసిందన్నమాట.

ఒప్పందపు హక్కులు ఇంకా చెల్లుతాయని 1983లో ఒక అప్పీలు కోర్టు, 1999లో సుప్రీంకోర్టు తేల్చాయి. విస్కాన్సిన్‌లోని వాడూకోడాడింగ్ బడిలో చదువు ఒజిబ్వేలోనే సాగుతుంది. వసంతంలో మేపుల్ పాకం, శరదృతువులో మనోమిన్ కూడా అక్కడ పాఠాలే. ఎప్పుడు తట్టాలి, ఎంత వదిలేయాలి అన్నది నిఘంటువు చెప్పలేదు. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు చెప్పాలి.

అయితే మనోమిన్‌కి శుభ్రమైన, లోతు పెద్దగా మారని నీళ్ళు కావాలి. గనుల నుంచి వచ్చే సల్ఫేటు దానికి చేటు. అందుకే మినెసోటా రాష్ట్రం 1973లోనే లీటరుకి 10 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. 2018లో వైట్ ఎర్త్ ఒజిబ్వేలు ఇంకో అడుగు వేసి, బతికే హక్కు మనోమిన్‌కే ఉందని చట్టం చేశారు. మనకి వింతగా అనిపించొచ్చు. వాళ్ళ లెక్క మాత్రం సూటిగానే ఉంది: సరస్సు పాడైతే గింజతోపాటు ఆ పాఠం చెప్పే చోటు కూడా పోతుంది.