గోట్‌హార్డు ధూమశకటమార్గము

ఉత్తరసముద్ర తీరమందలి రాటర్‌డామ్ రేవునుండి రైన్ నదీలోయ ననుసరించి జెనోవా రేవునకు సాగవలసిన సరకులబండ్లకు ఆల్ప్స్ పర్వతశ్రేణి చిరకాలము దుర్లంఘ్యమైన యవరోధముగా నిలిచియుండెను. దానిని ఛేదించుటకై స్విట్జర్లాండు, ఇటలీ, జర్మనీ దేశములు 1871 నాటికి ఒడంబడిక చేసికొని, 4 కోట్ల 50 లక్షల ఫ్రాంకులు ఇటలీయు, తక్కిన రెండు దేశములు చెరి 2 కోట్లును సాయమొసఁగ నంగీకరించినవి. కొండ స్విస్సులదే యైనను అధికభారము నిటలీ వహించుటలో నాశ్చర్యము లేదు, ఏలయన ఉత్తరదేశముల వర్తకము జెనోవాకు కావలసియుండెను.

1872లో ఆరంభమైన 15 కిలోమీటర్ల సొరంగమును గుత్తకు గైకొన్న లూయీ ఫావ్ర్ 1879లో ఆ సొరంగములోనే ప్రాణములు విడిచెను. మఱుసటి యేట ఉభయపార్శ్వముల త్రవ్వకములు కలిసికొన్నప్పుడు, మొదటి రంధ్రముగుండ నావలికి దాఁటించినది ఆతని చిత్రపటమేయట. అంతకంటె హృదయవిదారకమైనది ఇటలీనుండి వచ్చిన కూలీల గాథ. డైనమైటు పొగతో, భూగర్భోష్ణముతో, కలుషజలముతో, కొంకిపురుగు వ్యాధితో వారు కృశించుచుండఁగా, 1875లో గోషెనెన్ గ్రామమున సమ్మెకట్టినవారిపై తుపాకులు ప్రేలి నలుగురు మృతులైరి. మృతులైన కార్మికులను స్మరించు విన్చెంజో వెలా శిల్పము ఐరోలో స్టేషనుచెంత నెలకొన్నది 1932లో. బండ్లు నడువసాగిన యేఁబది యేండ్లకు! రైల్వేలలోఁగూడ నింత యాలస్యము అరుదు.

1882లో తెఱువఁబడిన యీ మార్గము వాసెన్ గ్రామముచుట్టు మెలికలు తిరుగుచు కొండ నెక్కుటచే, బరువుబండ్లకు అదనపు ఇంజను కావలసివచ్చెడిది. 2016లో కొండ యడుగుననే 57 కిలోమీటర్ల నూతన సొరంగమును, 2020లో దాని దక్షిణమున చెనేరి సొరంగమును తెఱచినపిమ్మట సరకులబండ్ల కా యారోహణశ్రమ చాలవఱకు తప్పినది.